మానసిక ఆరోగ్యానికి ధార్మిక సమాజం అండగా నిలవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మనసు కుదురు తప్పిన మనిషి మొదట తలుపు తట్టేది ఆసుపత్రిది కాకపోవచ్చు. నిద్ర పట్టక, పని మీద ధ్యాస నిలవక, దేనికో తెలియని దిగులుతో సతమతమయ్యేవారిలో చాలామంది ముందుగా తాము నమ్మిన గురువు దగ్గరకో, పూజారి దగ్గరకో, పాస్టర్ దగ్గరకో, ఇమామ్ దగ్గరకో వెళతారు. అమెరికాలో 1990ల తొలినాళ్లలో జరిగిన ఒక పెద్ద సర్వే సమాచారాన్ని విశ్లేషించి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మానసిక సమస్యలకు ఎప్పుడైనా సాయం కోరినవారిలో దాదాపు నాలుగో వంతు మంది మతపెద్దలను ఆశ్రయించారు. అలా ఆశ్రయించినవారిలో ఎక్కువమందిని ఆ మతపెద్దలు తప్ప వైద్యులెవరూ చూడనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచంలో ప్రతి 8 మందిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో జీవిస్తున్నారు. ఈ సగటునే తీసుకుంటే, 200 మంది కూర్చున్న సభలో అలాంటివారు పాతిక మంది ఉంటారు.

ధార్మిక సమాజం వైద్యం చేయలేదు, చేయబూనుకోకూడదు. అయితే వైద్యశాలకు లేని సౌలభ్యం ఒకటి దానికి ఉంది. వారం వారం అదే మనుషులు అదే చోట కలుసుకుంటారు కనుక, ఎవరు రావడం మానేశారో, ఎవరి ముఖం వాడిపోయిందో ఆ సమాజానికి ఇట్టే తెలుస్తుంది. కాబట్టి దాని పని నాలుగు మాటల్లో చెప్పవచ్చు: గమనించడం, వినడం, వైద్యానికి చేర్చడం, చేర్చిన తరువాత విడిచిపెట్టకపోవడం. వీటిలో చివరిది అన్నిటికంటే కష్టమైనది, అందరూ మరిచిపోయేదీ అదే. ఈ మార్గదర్శి మతానికి అతీతంగా ఏ ప్రార్థనా మందిరమైనా అనుసరించడానికి వీలుగా రాసింది.

మొదటి అడుగు: చేయకూడనివి ముందుగా రాసుకోవడం

సేవా కార్యక్రమం మొదలుపెట్టేవారు సాధారణంగా ఏమేం చేస్తామో రాసుకుంటారు. ఇక్కడ మాత్రం ఏమేం చేయబోమో ముందు రాసుకోవాలి. దానికి కారణం చరిత్రలోనే ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోసం దర్గాను ఆశ్రయించిన మనోరోగులను ఉంచిన ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ గొలుసులు వేసినవారు తమను తాము క్రూరులనుకొని ఉండరు. హద్దు గీసుకోని సేవ ఎక్కడికి దారితీయగలదో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

మందిర కమిటీ సమావేశంలో చర్చించి, ఒక పేజీకి మించని తీర్మానం ఆమోదించండి. ఎవరినీ కట్టివేయం, గదిలో బంధించం, కొట్టం, స్వస్థత పేరుతో పస్తులుంచం. ఎవరికీ జబ్బు పేరు పెట్టం. నయమవుతుందని హామీ ఇవ్వం. వైద్యుడు రాసిన మందులు ఆపమని లేదా తగ్గించమని ఏ పరిస్థితుల్లోనూ చెప్పం. ఈ చివరి వాక్యాన్ని ప్రధాన గురువు స్వయంగా సభలో చదివి వినిపిస్తే మంచిది, ఎందుకంటే మందు మానేయడమే విశ్వాసానికి నిదర్శనమని భావించి రహస్యంగా మానేసేవారు ప్రతి మతంలోనూ ఉన్నారు.

ఇలా హద్దు గీసుకున్నంత మాత్రాన ప్రార్థనకు చోటు తగ్గిపోదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద నడిచిన ‘దవా–దువా’ (మందు–ప్రార్థన) కార్యక్రమంలో, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన రోగికి దర్గా సేవకుడైన ముజావర్ దువా చేసి, అక్కడే ఉన్న మానసిక వైద్యుడి దగ్గరకు పంపే ఏర్పాటు చేశారు. ఘనా, నైజీరియాలలో ఆరోగ్య కార్యకర్తలు, మత చికిత్సకులు కలిసి తీవ్ర మనోవ్యాధిగ్రస్తులను చూసుకునే పద్ధతిని పరీక్షించిన అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ఆ పద్ధతిలో రోగుల లక్షణాలు మామూలు పద్ధతిలో కంటే ఎక్కువగా తగ్గాయి. మత చికిత్సకులను తప్పుకొమ్మని చెప్పకుండా, వారితో కలిసి పనిచేసినందువల్ల వచ్చిన ఫలితం అది.

రెండవ అడుగు: చిన్న బృందం

నలుగురైదుగురు చాలు. స్త్రీలు, పురుషులు ఇద్దరూ ఉండాలి, యువత తరఫున ఒకరుండాలి, వీలైతే తానో తన ఇంటివారో మానసిక వ్యాధిని ఎదుర్కొని కుదుటపడినవారు ఒకరుండాలి. అందరికంటే ముందు చేయి ఎత్తి, అందరికంటే ఎక్కువ మాట్లాడేవారిని ఈ పనికి తీసుకోకండి, వారి ఉత్సాహానికి తగిన వేరే బాధ్యతలు బోలెడు ఉంటాయి. చెప్పిన మాట కడుపులో దాచుకోగలిగినవారు కావాలి. పిల్లలతోనూ నిస్సహాయులతోనూ మెలగవలసి వస్తుంది కనుక, ఎంత పరిచయస్తులైనా పూర్వాపరాలు విచారించాకే చేర్చుకోవాలి. ఏ సంభాషణా పూర్తిగా మూసిన తలుపుల వెనుక జరగరాదు. మాట బయటికి వినబడకుండా, మనుషులు మాత్రం కనబడేలా అద్దం తలుపున్న గదో, వరండా చివరో ఎంచుకోవాలి.

మూడవ అడుగు: ఎవరి దగ్గరకు పంపాలో తెలుసుకోవడం

ఒక కాగితం మీద దగ్గరలోని మానసిక వైద్యులు, కౌన్సెలర్లు, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ వేళలు, వ్యసన విముక్తి కేంద్రాలు, గృహహింస బాధితులకు సాయం చేసే సంస్థలు, అత్యవసర సేవల నంబర్లు రాసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికిన జాబితాను అలాగే అంటించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ప్రతి నంబరుకూ బృందంలో ఒకరు ఫోన్ చేసి, ఎత్తుతున్నారా, ఏ భాషలో మాట్లాడతారు, మొదటి అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకు దొరుకుతుంది, ఫీజు కట్టలేనివారికి దారేమిటి అని అడిగి పక్కన రాయాలి. ఏడాదికి రెండుసార్లు మళ్లీ సరిచూడాలి.

హెల్ప్‌లైన్ల విషయానికి వస్తే, భారతదేశంలో 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. అమెరికాలో 2022 జులై నుంచి 988 పనిచేస్తోంది. బ్రిటన్‌లో సమరిటన్స్ నంబరు 116 123. పిల్లలు వేరే దేశంలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉండే కుటుంబాలు నేడు ప్రతి సమాజంలోనూ ఉన్నాయి కాబట్టి ఈ మూడూ ఒకే కాగితం మీద ఉండటం అతిశయం కాదు. ఆ కాగితం నోటీసు బోర్డు మీద మాత్రమే కాక, మరుగుదొడ్ల తలుపుల లోపలి వైపు కూడా అంటించండి. పదిమంది చూస్తుండగా అలాంటి నంబరు రాసుకునే ధైర్యం అందరికీ ఉండదు.

నాలుగవ అడుగు: వినడం నేర్చుకోవడం

ఆంగ్లికన్ మతగురువు చాడ్ వారా 1953లో లండన్‌లోని తన చర్చిలో, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారు ఫోన్ చేయడానికి ఒక ఏర్పాటు ప్రారంభించాడు. కౌన్సెలింగ్ తాను చేయాలని, తనకోసం వేచి ఉండేవారికి వాలంటీర్లు టీ ఇచ్చి కూర్చోబెట్టాలని ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే, ఆ వాలంటీర్లతో మనసు విప్పి మాట్లాడిన చాలామందికి ఆయనను కలవవలసిన అవసరమే కనబడలేదు. 1954లో ఆయన ఆ బాధ్యతను వాలంటీర్లకే అప్పగించాడు. సమరిటన్స్ సంస్థ అలా రూపుదిద్దుకుంది. పెద్ద చదువులు లేని మామూలు మనిషి, సలహాలివ్వకుండా శ్రద్ధగా వినడం ఎంత పని చేస్తుందో ఆ అనుభవం తేల్చింది.

శిక్షణకు మంచి ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భాగస్వామ్యంతో 2011లో వచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి ‘చూడు, విను, చేర్చు’ అనే మూడు మెట్ల మీద నడుస్తుంది. ఆస్ట్రేలియాలో 2000లో మొదలైన ‘మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్’ కోర్సు నేడు అనేక దేశాల్లో దొరుకుతుంది. స్థానిక ఆసుపత్రిలోని మానసిక వైద్యుడినో, సైకాలజిస్టునో పిలిచి ఒక పూట శిక్షణ ఇప్పించుకున్నా ఆరంభానికి సరిపోతుంది.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. కొన్ని వారాలుగా రాని వ్యక్తికి ఫోన్ చేసినప్పుడు “ఎందుకు రావడం లేదు?” అని అడిగితే అది హాజరు లెక్క అడిగినట్టు ఉంటుంది. “ఈ మధ్య మీరు కనబడలేదు, ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశాను” అంటే చాలు, మిగతాది వారే చెబుతారు. చెప్పకపోతే మరో వారం ఆగి మళ్లీ చేయాలి. ఎదురుగా కూర్చున్నప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి, ఎంతసేపు కూర్చోగలరో ముందే చెప్పండి. “ఎన్నాళ్లుగా ఇలా ఉంటోంది?”, “రాత్రిళ్లు నిద్ర పడుతోందా?”, “ఈ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసా?” వంటి ప్రశ్నలు మాటను ముందుకు నడుపుతాయి. మధ్యలో మౌనం వస్తే దాన్ని వెంటనే పూడ్చాలని చూడకండి. చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తరువాతే వస్తుంది.

“మోయలేని భారం దేవుడు ఇవ్వడు”, “అంతా కర్మ”, “నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు” అనే మాటలు ధార్మిక సమాజాల్లో నాలుక చివరనే ఉంటాయి. చెప్పేవారి ఉద్దేశం ఓదార్పే. వినేవారికి మాత్రం, ఈ భారం మోయలేకపోవడం తమ విశ్వాసలోపమేనన్న నిందగా వినబడుతుంది. డిప్రెషన్ లక్షణాలలో అకారణమైన అపరాధభావం ఒకటి కనుక, అప్పటికే తనను తాను దోషిగా నిలబెట్టుకున్న మనిషికి ఆ మాట మరొక సాక్ష్యంగా తోడవుతుంది. వినడం పూర్తయ్యాక “మీకు ఇష్టమైతే కలిసి ప్రార్థన చేసుకుందామా?” అని అడగవచ్చు. అవతలివారు వద్దంటే ఆ మాట అక్కడితో ఆపేయాలి.

దిగులు, ఆందోళన రోజులో ఎక్కువ భాగం ఉంటూ 2 వారాలకు మించి కొనసాగితే, లేదా తిండి, నిద్ర, ఉద్యోగం, చదువు దెబ్బతింటుంటే వైద్యుడి దగ్గరకు వెళ్లమని స్పష్టంగా చెప్పాలి. ఒక చీటీ మీద నంబరు రాసి ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. మొదటి అపాయింట్‌మెంట్‌కు వెంట వెళతామని, బయట కూర్చుంటామని చెప్పండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్న సంగతి బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే పదో రోజున “ఏమీ తేడా లేదు, మానేస్తున్నాను” అనే ఫోన్ వచ్చేది వారికే.

ఐదవ అడుగు: ప్రాణాపాయ సూచనలకు సిద్ధంగా ఉండటం

ప్రపంచవ్యాప్తంగా ఏటా 7 లక్షలకు పైగా ప్రజలు ఆత్మహత్యతో మరణిస్తున్నారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందిలో ఉంది. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించలేదు. కనుక “చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?” అని సూటిగా, మెత్తగా అడగండి. అవునంటే, ఎలా, ఎప్పుడు అన్నంతవరకూ ఆలోచన వెళ్లిందా అని అడగాలి. వెళ్లి ఉంటే ఆ మనిషిని ఒంటరిగా వదలరాదు. ఇంట్లో హాని చేసుకోవడానికి వీలైన మందులు, పురుగుమందుల వంటివి కుటుంబసభ్యుల సాయంతో అందుబాటు నుంచి తీసివేయించాలి. హెల్ప్‌లైన్‌కు లేదా అత్యవసర సేవకు అక్కడి నుంచే ఫోన్ చేసి, మరొకరి చేతికి అప్పగించేదాకా పక్కనే ఉండాలి.

ఆ సమయంలో ఆత్మహత్య పాపమా కాదా అన్న చర్చకు దిగవద్దు. ఆ చర్చలో మీరు గెలిచినా, అవతలి మనిషి నోరు మూసుకుపోతుంది. “ఎవరికీ చెప్పనని మాటివ్వండి” అని అడిగినా ఇవ్వరాదు. “మీ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం సాయం పిలుస్తాను, మిగతాదంతా మన మధ్యే ఉంటుంది” అని సంభాషణ మొదట్లోనే చెప్పి ఉంచడం ఉత్తమం. పిల్లలపై అత్యాచారం, ఇతరులకు హాని జరిగే సూచన ఉన్నప్పుడూ ఇదే నియమం, దానితోపాటు స్థానిక చట్టం విధించే బాధ్యత కూడా ఉంటుంది.

ఆత్మహత్యతో ఎవరైనా మరణిస్తే, అంత్యక్రియల్లోనూ సంతాపంలోనూ ఇతర మరణాలకు ఇచ్చే గౌరవమే ఇవ్వాలి. మరణ విధానాన్ని వర్ణించకూడదు, ఏదో ఒక్క కారణాన్ని తేల్చి ప్రకటించకూడదు. ఆ ఇంటికి రాకపోకలు మిగతా ఇళ్లకంటే ఎక్కువకాలం సాగాలి.

ఆరవ అడుగు: సాధన, వ్యాధి కలిసేచోట జాగ్రత్త

ఇది ఏ వైద్యుడి కంటే కూడా మతగురువు మాత్రమే చక్కగా చేయగలిగిన పని, కానీ దీని గురించి చాలా తక్కువగా మాట్లాడుకుంటాం. ఉన్మాదం, దిగులు దశలు మారి మారి వచ్చే బైపోలార్ వ్యాధికి లిథియం అనే మందు వాడేవారు నీళ్లు కూడా ముట్టని ఉపవాసం చేస్తే, ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో లిథియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. అదే వ్యాధి ఉన్నవారిలో రాత్రంతా జాగరణ చేయడం ఉన్మాద దశను రేకెత్తించగలదు. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలున్నవారికి ఉపవాసం ఒక ముసుగుగా మారవచ్చు. ఉపవాస దినాలకు ముందే వైద్యుడిని అడగమని ప్రకటించండి. అనారోగ్యం ఉన్నవారికి తమ సంప్రదాయంలో ఉన్న మినహాయింపులను గురువే నోరు తెరిచి చెప్పాలి. డాక్టరు “వద్దు” అన్నప్పుడు మిగిలే అపరాధభావం, గురువు “నీకు అవసరం లేదు” అన్నప్పుడు చాలావరకు తొలగిపోతుంది.

అక్కర్లేని ఆలోచనలు, చేసిందే మళ్లీ చేయాలన్న తపన వదలకుండా వేధించే ఓసీడీ అనే రుగ్మతలో మతసంబంధమైన రూపం ఒకటుంది. మంత్రం తప్పు పలికానేమో, శుద్ధి సరిగా జరగలేదేమో, మనసులో దైవదూషణ చేశానేమో అని మనిషి పదేపదే భయపడతాడు. అదే ప్రశ్నతో గురువు దగ్గరకు మళ్లీ మళ్లీ వస్తాడు. ప్రతిసారీ “ఏం పర్వాలేదు” అని ధైర్యం చెప్పడం దయగానే కనబడుతుంది, కానీ ఆ ఊరట కొద్దిసేపే నిలిచి, మళ్లీ అడగాలన్న తహతహను పెంచుతుంది. అలాంటివారిని చికిత్సకు పంపి, వారి అనుమతితో చికిత్సకుడితో మాట్లాడి, ఒకే ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబివ్వాలో ఇద్దరూ ఒక ఒప్పందానికి రావాలి.

దైవం తనతో మాట్లాడుతున్నాడని ఎవరైనా చెబితే వెంటనే పొగడవద్దు, వెక్కిరించవద్దు. నిద్ర, తిండి, పని ఎలా ఉన్నాయో చూడండి. ఆ స్వరం భయపెడుతోందా, తనకో ఇతరులకో హాని చేయమంటోందా అని కనుక్కోండి. అదే సంప్రదాయంలో పెరిగిన పెద్దలకు కూడా అది వింతగా తోస్తోందా అన్నది మంచి గీటురాయి. అనుమానం ఉంటే వైద్యుడి అభిప్రాయం తీసుకోవడమే క్షేమం. హాని చేయమనే స్వరమైతే అది అత్యవసరం.

ఏడవ అడుగు: వేదిక మీది మాట

ప్రసంగాలలో, ప్రవచనాలలో మానసిక వ్యాధిని శాపంగానో, దుష్టశక్తిగానో, సోమరితనంగానో చిత్రించే వాక్యాలు ఉంటే తీసేయండి. “పిచ్చి” అనే మాటతో నవ్వించే పిట్టకథలకు కూడా ఇదే వర్తిస్తుంది. మధుమేహంతో, గుండెజబ్బుతో బాధపడేవారి కోసం ప్రార్థించే వాక్యంలోనే డిప్రెషన్‌తో బాధపడేవారిని కూడా చేర్చితే, ప్రత్యేక ఉపన్యాసం లేకుండానే సగం పని అవుతుంది. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, సెప్టెంబరు 10 ఆత్మహత్యల నివారణ దినం. ఆ తేదీలలో వైద్యుడిని పిలిచి, ప్రశ్నలను చీటీల మీద పేరు లేకుండా రాయించి తీసుకోవచ్చు.

ప్రార్థన విజ్ఞప్తుల వాట్సాప్ గ్రూపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్కువ రహస్యాలు బయటపడేది అక్కడే. “ఫలానా వారి అమ్మాయి మానసిక ఆసుపత్రిలో ఉంది, ప్రార్థించండి” అన్న సందేశం సద్భావంతోనే వెళుతుంది, సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. సంబంధిత వ్యక్తి తాను ఒప్పుకొన్న మాటలలో తప్ప ఎవరి ఆరోగ్య విషయమూ అందులో పెట్టకూడదన్న నియమం ఉండాలి.

ఎనిమిదవ అడుగు: చికిత్స మొదలైన తరువాత

గుండె ఆపరేషన్ చేయించుకొని వచ్చిన ఇంటికి పలకరింపులు వెల్లువెత్తుతాయి. మానసిక ఆసుపత్రి నుంచి వచ్చిన ఇంటికి ఎవరూ రారు. ఏం మాట్లాడాలో తెలియకపోవడమే చాలావరకు దీనికి కారణం. డిశ్చార్జి తరువాతి తొలి వారాలు ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండే కాలమని వైద్యశాస్త్రం గుర్తించింది, కాబట్టి ఆ మౌనం ప్రమాదకరం. బృందం ఒక క్యాలెండరు పెట్టుకోవాలి: ఇంటికి వచ్చిన మర్నాడు ఫోన్, మొదటి వారంలో కుటుంబం అనుమతితో ఒక సందర్శన, ఆపై వారానికోసారి, మూడు నెలలు దాటాక నెలకోసారి. వెళ్లినప్పుడు వ్యాధి గురించే మాట్లాడనవసరం లేదు. భోజనం పంపడం, పిల్లలను బడికి దింపడం, మందులు తెచ్చిపెట్టడం, కలిసి కాసేపు నడవడం లాంటివే ఎక్కువ అక్కరకొస్తాయి.

బెల్జియంలోని గీల్ పట్టణం ఈ విషయంలో అసాధారణమైన ఉదాహరణ. మనోరోగుల రక్షకురాలిగా భావించే సెయింట్ డింఫ్నా చర్చికి మధ్యయుగాలలో యాత్రికులు పోటెత్తగా, వారిని అక్కడి కుటుంబాలు తమ ఇళ్లలో ఉంచుకోవడం మొదలుపెట్టాయి. ఆ పద్ధతి, ఇప్పుడు వైద్యుల పర్యవేక్షణతో, నేటికీ కొనసాగుతోంది. అక్కడి కుటుంబాలు చికిత్స చేయవు. ఇంట్లో చోటు, పని, దినచర్య పంచుకుంటాయి. అంతటి భారం ఎత్తుకోలేకపోయినా, కోలుకున్నవారికి మందిరంలో మునుపటి బాధ్యతను తిరిగి అప్పగించడం ఏ సమాజానికైనా సాధ్యమే.

కనిపెట్టుకొని ఉండే కుటుంబసభ్యులనూ మరవకండి. వారానికి ఒక పూట రోగి దగ్గర ఎవరైనా కూర్చుంటే ఆ తల్లో, భర్తో కంటినిండా నిద్రపోగలుగుతారు.

తొమ్మిదవ అడుగు: ఇరుగుపొరుగుకు

సొంత సభ్యులకు చేసే సాయం గాడిలో పడ్డాకే బయటికి వెళ్లాలని నా అభిప్రాయం. వెళ్లేటప్పుడు ఒక నియమం కచ్చితంగా ఉండాలి. విపత్తు సహాయ సంస్థల కోసం రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర సంస్థలు కలిసి 1994లో రూపొందించిన ప్రవర్తనా నియమావళి, సాయాన్ని మతపరమైన లేదా రాజకీయమైన దృక్పథాన్ని ముందుకు నెట్టడానికి వాడకూడదని చెబుతుంది. మనసు బలహీనంగా ఉన్న మనిషికి కాదనే శక్తి తక్కువ కనుక, ఈ నియమం ఇక్కడ రెట్టింపు వర్తిస్తుంది. సాయానికి బదులుగా హాజరు, విరాళం, మతమార్పు వేటినీ ఆశించరాదు.

ఏం చేయాలో మీరే ఊహించుకోకుండా, ముందుగా పాఠశాల ఉపాధ్యాయులను, ఆరోగ్య కార్యకర్తలను, ఒంటరిగా ఉండే వృద్ధులను అడగండి. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో ప్రారంభించిన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ పద్ధతిలో, శిక్షణ పొందిన నానమ్మలు, అమ్మమ్మలు ఆరోగ్యకేంద్రాల ఆవరణలో బల్ల మీద కూర్చొని, వచ్చినవారి సమస్యలలో ఒకదాన్ని ఎంచుకొని దాన్ని పరిష్కరించే మార్గాన్ని వారితోనే ఆలోచింపజేస్తారు. 2016లో ప్రచురితమైన పరీక్షలో అది మంచి ఫలితాలిచ్చింది. మీ సమాజంలోని పెద్దవారికి ఇలాంటి శిక్షణ ఇప్పించవచ్చు. అదీ కుదరకపోతే గది ఇవ్వండి. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు అనేక దేశాల్లో చర్చి గదుల్లో జరుగుతాయి. వారాంతం తప్ప ఖాళీగా ఉండే హాలును తాగుడు మానినవారికి, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు, కొత్త తల్లులకు వారానికి ఒక గంట ఇవ్వడానికి ఖర్చు పెద్దగా ఉండదు.

పదవ అడుగు: బృందాన్ని కాపాడుకోవడం, పనిని సమీక్షించడం

బృందసభ్యులు ఒకరోజులో ఎన్ని సంభాషణలు చేయవచ్చో, రాత్రి ఎన్ని గంటల తరువాత ఫోన్ ఎత్తనవసరం లేదో నిర్ణయించి, ఆ వేళల్లో హెల్ప్‌లైన్ నంబరే దిక్కని అందరికీ తెలియజేయాలి. నెలకోసారి కూర్చొని, పేర్లు చెప్పకుండా తమకు బరువుగా అనిపించిన సంగతులు పంచుకోవాలి, వీలైతే ఒక కౌన్సెలర్ సమక్షంలో. గురువుకూ ఇదే వర్తిస్తుంది. అందరి బాధలూ వినే ఆయన తన బాధ చెప్పుకోవడానికి ఈ మందిరంతో సంబంధం లేని ఒక మనిషి ఉండాలి.

రికార్డులు వీలైనంత తక్కువగా, తాళం వేసిన చోట ఉంచండి. సమీక్షకు పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు: ఎంతమందితో మాట్లాడాం, ఎంతమందిని వైద్యానికి పంపాం, వారిలో ఎంతమంది నిజంగా వెళ్లారు, మూడు నెలల తరువాత ఎంతమందితో ఇంకా సంబంధం ఉంది. పంపినవారి సంఖ్యకూ వెళ్లినవారి సంఖ్యకూ మధ్య పెద్ద తేడా కనబడితే, దూరమా, ఫీజా, ఇంట్లోవారి అభ్యంతరమా, నలుగురూ చూస్తారన్న సిగ్గా అని వెళ్లనివారినే అడిగి తెలుసుకొని, మూడవ అడుగులో తయారుచేసిన కాగితాన్ని ఆ జవాబులకు తగినట్టు తిరిగి రాయండి.